ప్రభుసౌధములు - ప్రజాసందర్శనము

ఇంగ్లండు దేశమున పూర్వప్రభువుల సౌధములను, కోటలను, వానియందలి చిత్రశిల్పసంచయములను పదిమంది కూడి చూడబోవుట నేడు సామాన్య వినోదములలో ఒకటి. సెలవుదినమున బస్సులు వరుసగా సౌధద్వారమున నిలుచును. టిక్కెట్టు కొన్నవారు త్రాళ్లు కట్టిన మార్గమున గదివెంట గది చూచుచు పోవుదురు. చివర తేనీరు త్రాగి, చిత్రపటములు కొని ఇండ్లకు మరలుదురు. ఈ అలవాటునకు మూడువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దానిని సౌధముల చరిత్రగా వ్రాసినవారు పెక్కుమంది. యజమానుల వంశావళులు, వాస్తుశిల్పుల పేర్లు, గోడల కొలతలు ఆ గ్రంథములలో సమృద్ధిగా దొరకును. చూడవచ్చినవారి వైపునుండి ఆలోచించినచో వేఱొక ప్రశ్న ముందు నిలుచును. పరుల యింట అడుగుపెట్టుటకు వీరికి అధికారమెచ్చటిది? మొదట అది యజమాని దయగా ఉండెను. తరువాత ఆచారమయ్యెను. ఆపై ప్రజలు దానిని హక్కుగా భావించిరి. ఒక దశలో యజమానులు తలుపులు మూసిరి. మఱియొక దశలో వారే ద్వారమున నిలిచి రుసుము పుచ్చుకొనిరి. ఈ మార్పులకు సందర్శకుల సంఖ్యయే కారణమని సాధారణముగా చెప్పుదురు. వచ్చినవారు ఎట్టి బృందముగా వచ్చిరి, ఆ బృందమునకు పూచీ ఎవరు, అనునవి అంతకంటె ముఖ్యమైనవని ఈ వ్యాసమున చూపదలచితిని.

ప్రభువుల యిండ్లు మధ్యయుగమున బాటసారులకు, ఆశ్రితులకు తెఱచియుండెను. అది ఆతిథ్యము, సందర్శనము కాదు. ఇల్లు చూచుటయే పనిగా ప్రయాణము చేయుట 17వ శతాబ్ది చివర కానవచ్చును. సీలియా ఫైన్స్ అను స్త్రీ గుర్రముపై దేశము నాలుగుమూలల తిరిగి, 1697, 1698 సంవత్సరముల ప్రయాణములలో తాను చూచిన సౌధములను తన పుస్తకమున వర్ణించెను. ఆ పుస్తకము 1888లో గాని సంపూర్ణముగా అచ్చుకాలేదు. డెర్బీషైరునందలి చాట్స్‌వర్త్ తోటలో లోహముతో చేసిన ఒక కృత్రిమవృక్షము, ఆకు ఆకునుండి నీరు చిమ్ముచు చూపరులను తడుపుట ఆమెకు గొప్ప వింతగా తోచెను. చాట్స్‌వర్త్ జలయంత్రముల ప్రసక్తి మరల వచ్చును గనుక దీనిని ఇచ్చట పేర్కొంటిని.

18వ శతాబ్దిలో సుంకపు బాటలు బాగుపడి, బండ్లు మెఱుగుపడిన పిమ్మట ఈ ప్రయాణములు పెరిగెను. విల్టన్ సౌధమున ద్వారపాలకుడు సందర్శకులను లెక్కవ్రాసెడివాడు. 1776లో అచ్చటికి వచ్చిన ఒక ప్రభువర్గపు స్త్రీ ఆ లెక్కను చూచి, ఒక యేడాదిలో 2,324 మంది వచ్చిరని తన దినచర్యలో గుర్తించుకొనెను. ఆనాటి బృందము చిన్నది. ఒక బండిలో పట్టునంత. దంపతులు, వారి బంధువులు, ఒకరిద్దరు మిత్రులు. వారి వేషభాషలు, బండి, సేవకులు - ఇవియే వారికి పరిచయపత్రములు. ద్వారము తట్టినంతనే గృహనిర్వాహకురాలు వచ్చి, యజమాని ఇంట లేకున్నను, కొన్నిచోట్ల ఉన్నను, గదులన్నియు త్రిప్పి చూపెడిది. వెడలునప్పుడు ఆమె చేతిలో ఇనాము పెట్టుట మర్యాద. జేన్ ఆస్టిన్ 1813లో వెలువరించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో కథానాయిక ఎలిజబెత్ తన మేనమామ దంపతులతో కూడి పెంబర్లీ సౌధమును చూచు ఘట్టము ఈ ఆచారమునకు ప్రతిబింబము. అచ్చటి గృహనిర్వాహకురాలి మాటలే కథను మలుపు త్రిప్పును.

ఈ గృహనిర్వాహకురాండ్రను గూర్చి చరిత్రకారులు కొంత తేలికగా మాటలాడుదురు. అది న్యాయము కాదు. కెడిల్‌స్టన్ సౌధమున మిసెస్ గార్నెట్ అను నామె నలువదియేండ్లకు పైగా ఆ పనిచేసెను. 1777లో జాన్సన్ పండితుడు, బాస్వెల్ కలిసి పోయినప్పుడు వారికి ఇల్లు చూపినది ఆమెయే. సౌధమందలి చిత్రముల పట్టికను చేతబట్టిన ఆమె చిత్రపటము నేటికిని అచ్చట కలదు. ఒక సేవకురాలి చిత్రము ప్రభువుల చిత్రముల సరసన నిలుచుట అరుదైన గౌరవము. ఏ చిత్రము ఎవరు వ్రాసిరి, ఏ మంచముపై ఏ రాజు పవళించెను, ఏ గదిలో ఏ సంఘటన జరిగెను - ఇవన్నియు గుక్కతిప్పక చెప్పు ఆ వచనము ఒక మౌఖికవాఙ్మయశాఖయే. మన క్షేత్రములలో అర్చకులు యాత్రికులకు చెప్పు స్థలపురాణముతో దానికి దగ్గరి పోలిక కలదు. రెండింటను స్థలమాహాత్మ్యము ప్రధానము, కాలనిర్ణయము అప్రధానము. రెండును వినువారి తాహతును బట్టి పెరుగుచు తరుగుచు ఉండును. ఆ మౌఖికవచనమే క్రమముగా అచ్చులోనికి వచ్చి మార్గదర్శి గ్రంథమయ్యెను. విల్టన్ చిత్రములను గూర్చి 1731లోను, స్టో ఉద్యానమును గూర్చి 1744లోను పుస్తకములు వెలువడెను. స్టో పుస్తకమును అచ్చువేసిన బెంటన్ సీలీ ఆ దగ్గరి ఊరివాడు. యజమాని కొలువువాడు కాడు. అనగా అప్పటికే సందర్శకుల వలన ఇతరులకు వ్యాపారము పుట్టెనన్నమాట.

సందర్శకుల వలన విసిగిన యజమానుల సంగతికి హొరేస్ వాల్పోల్ మంచి ఉదాహరణము. థేమ్స్ ఒడ్డున ట్విక్నమ్‌లో అతడు కట్టుకొన్న స్ట్రాబెర్రీ హిల్ గాథిక్ పద్ధతి వేడుక సౌధము. అది చూడవలెనని లండను నాగరకులందఱు వచ్చెడివారు. తన యిల్లు పూటకూళ్ల సత్రమైపోయెనని అతడు జాబులలో మొఱపెట్టుకొనెను. 1784లో నిబంధనలు అచ్చువేయించెను. ముందుగా జాబు వ్రాసి టిక్కెట్టు పొందవలెను. దినమునకు ఒక్క బృందమునకే ప్రవేశము. ఆ బృందమున నలుగురికి మించరాదు. మే మొదలు అక్టోబరు మొదటి దినము వరకు, పగలు పండ్రెండు గంటలకును మూడింటికిని నడుమ మాత్రమే రావలెను. పిల్లలను తీసికొని రావలదు. ఇన్ని నిబంధనలు పెట్టిన ఆ పెద్దమనిషియే తన యింటి వర్ణనను తన సొంత ముద్రణాలయమున అచ్చువేయించుట గమనింపదగినది. చూడవచ్చువారు లేకున్న ఆ పుస్తకము ఎవరికి? యజమానికి సందర్శకుల యెడల విసుగును కలదు, వారు లేకున్న వెలితియు కలదు. ఈ ద్వైధీభావము తరువాతి రెండు శతాబ్దుల పొడుగున కనబడును.

ఈ వాల్పోల్ తండ్రి, ప్రధానమంత్రిగా నున్న సర్ రాబర్ట్ వాల్పోల్, నార్ఫోకునందలి హాటన్ సౌధమున గొప్ప చిత్రసంచయమును కూర్చెను. కొడుకు దానికి 1747లో ఒక వర్ణనాత్మక పట్టిక ప్రకటించెను. చూచినవారెల్ల మెచ్చిన ఆ సంచయమును మనుమడు అప్పులకు తాళలేక అమ్మజూపగా, 1777లో జాన్ విల్క్స్ పార్లమెంటునందు లేచి, దీనిని జాతి కొరకు కొనవలెనని వాదించెను. ఆ వాదము నెగ్గలేదు. 1779లో 204 చిత్రములు రష్యా మహారాణి రెండవ కాథరిన్‌కు అమ్ముడుపోయెను. ఒక ప్రభువు ఇంటి గోడల మీది పటములపై జాతికి ఏదో ఒక సంబంధము కలదని చట్టసభలో వినబడిన తొలిపలుకులలో విల్క్స్ ప్రసంగమొకటి. అప్పటికి ఆ జాతి యనగా బండ్లలో వచ్చు నలుగురైదుగురి బృందములే. లండనులోని స్టాఫర్డ్ చిత్రశాలను 1806లో టిక్కెట్టుపై తెఱచినప్పుడును, ఆ టిక్కెట్టు కుటుంబమునకు ఎఱుకైనవారికి, వారి సిఫారసు పొందినవారికి మాత్రమే లభించెను.

స్థితి మారినది రైలుతో. అయితే రైలుకు ముందే ఒక నాందీప్రస్తావన జరిగెను. 1838లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు రాజభవనమును రుసుము లేక ప్రజలకు తెఱపించెను. ఆదివారము కూడ తెఱచుట అందలి విశేషము. శ్రామికులకు తీరికైన దినము అదొక్కటే. మతాచారపరులు దీనిని తీవ్రముగా నిరసించిరి. లండనులోని జాతీయ ప్రదర్శనశాలలకు ఆదివారపు తలుపులు 1896 వరకు తెఱచుకొనలేదు. హాంప్టన్ కోర్టునకు మాత్రము మఱుసటి యేటనే లక్షకు పైగా జనులు వచ్చిరి. గోడలు చెడిపోవునని, చిత్రములు చినుగునని భయపడినవారి భయములు నిజము కాలేదు.

రైలు బృందము బండిలోని నలుగురి వంటిది కాదు. 1841 జులై 5వ తేదీన థామస్ కుక్ లెస్టరు నుండి లఫ్‌బరోకు సుమారు 500 మందిని మద్యపాననిషేధ సభకు రైలులో తీసికొనిపోయెను. అది సౌధసందర్శనము కాకున్నను ఈ చరిత్రకు అత్యంతము ముఖ్యము. ఏలయన, తరువాతి సంవత్సరములలో సౌధములకు వచ్చిన జనసమూహములు ఈ అచ్చునందే పోతపోసినవి. ఆదివారపు పాఠశాలలు, మద్యనిషేధ సంఘములు, శ్రామికుల విద్యకై వెలసిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్లు, మిల్లుల యజమానులు - వీరు నడిపిన బృందములకు ఒక నాయకుడు, ఒక నియమావళి, కొన్నిటికి బాజాబృందము కూడ ఉండెను. ఒంటరిగా వచ్చిన ఒక నేతగాని యెదుట సౌధద్వారము తెఱచుకొనునని చెప్పలేము. అతడే అయిదువందలమందిలో ఒకడై, తన సంఘము పతాకము క్రింద వచ్చినచో ద్వారము తెఱచుకొనెను. బండిలో వచ్చినవారికి వారి బండియే జామీను; రైలులో వచ్చినవారికి బృందమే జామీను. ఈ సంగతిని గుర్తింపక 'జనసమ్మర్దము' అను ఒక్క మాటతో సరిపెట్టుట వలన ఆ శతాబ్దపు సందర్శనస్వభావము మఱుగుపడినది.

చాట్స్‌వర్త్ యజమాని ఆరవ డెవన్‌షైర్ డ్యూక్ ఈ మార్పును మనసార ఆహ్వానించిన ప్రభువు. వచ్చినవాడు ఎంత పేదయైనను జలయంత్రములను నడిపి చూపవలెనని అతడు ఉత్తరువు చేసెను. ఆనాటి మార్గదర్శి పుస్తకములు దీనిని మిక్కిలి ప్రశంసించినవి. రష్యా చక్రవర్తి నికొలస్ రానున్నాడని తెలిసి 1844లో తోటపనివారి పెద్ద జోసెఫ్ పాక్స్టన్ చేత దాదాపు 300 అడుగుల యెత్తు చిమ్మగల ధారాయంత్రమును నిర్మింపజేసెను. దాని పేరే చక్రవర్తిధార. చక్రవర్తి రాలేదు. 1849లో చాట్స్‌వర్త్‌కు మూడుమైళ్ల దూరమునందలి రౌస్లీ వరకు రైలుదారి వచ్చెను. ఆ వేసవిలోనే 80,000 మంది సందర్శకులు వచ్చిరి. చక్రవర్తికై సిద్ధపఱచిన ధారను చూచినవారు డెర్బీ, షెఫీల్డు పట్టణముల పనివారు. పాక్స్టన్ రెండేండ్లకు లండనులో మహాప్రదర్శనమునకై స్ఫటికసౌధమును నిర్మించెను. 1851లో అచ్చటికి అరువది లక్షల సందర్శనలు జరిగెను. షిల్లింగు టిక్కెట్టు దినములలో అల్లరి జరుగునని ప్రభుత్వము భయపడెను గాని ఏమియు జరుగలేదు. చాట్స్‌వర్త్‌లో ముందే తెలిసిన పాఠము లండనునకు ఆలస్యముగా తెలిసినది.

చిత్రసంచయముల విషయమున 1857లో మాంచెస్టరులో జరిగిన కళానిధుల ప్రదర్శనము మఱింత విచిత్రమైనది. అచ్చట జనులు సౌధములకు పోలేదు. సౌధములే జనుల యొద్దకు వచ్చెను. ప్రభువులు తమ గోడల మీది చిత్రములను ఎరువిచ్చిరి. సుమారు 16,000 వస్తువులు ఒక్క కప్పు క్రింద చేరెను. ఆరు నెలలు నిండక మునుపే పదమూడు లక్షలమంది చూచిరి. థామస్ కుక్ రాత్రి బయలుదేరి తెల్లవారుసరికి చేర్చు 'వెన్నెల రైళ్లు' నడిపెను. సాల్టేర్ మిల్లుల యజమాని టైటస్ సాల్ట్ తన పనివారు 2,500 మందిని మూడు ప్రత్యేకపు రైళ్లలో తీసికొనిపోయెను. పండుగ బట్టలు కట్టి, బాజాలతో నడచిన ఆ పనివారు రఫేల్, టిషియన్ చిత్రముల యెదుట నిలిచి ఏమి తలచిరో మనకు వారి మాటలలో దొరకలేదు. వారిని గూర్చి వ్రాసినవారందఱు వారి క్రమశిక్షణను మెచ్చిరి. చూచిన కన్నులను వదలి, నిలిచిన వరుసను మెచ్చుట ఆనాటి పత్రికలకు సహజమే.

ఈ బృందములలో ఒకటి సౌధమును చూచుటతో తనియక కొనుటకును పూనుకొనెను. బర్మింగ్‌హామ్ ప్రక్కనున్న ఆస్టన్ హాల్ 1618కిని 1635కిని నడుమ కట్టబడిన సౌధము. పట్టణము పెరిగి దానిని ముట్టడించుచుండగా, స్థానిక శ్రామికులు ముందునిలిచి వాటాలు వసూలుచేసి ఒక కంపెనీ స్థాపించిరి. 1858 జూన్‌లో రాణి స్వయముగా వచ్చి దానిని తెఱచెను. వాటాల డబ్బు చాలక, ఆదాయమునకై ఉద్యానమున వినోదప్రదర్శనములు పెట్టిరి. 1863లో త్రాటిపై నడచు ఒక స్త్రీ క్రిందపడి మరణించెను. రాణి ఆ వార్తకు నొచ్చుకొని నగరపాలకునకు జాబు వ్రాయించెను. 1864లో నగరసభ సౌధమును కొనెను. ఒక చారిత్రకసౌధము పురపాలకసంస్థ స్వాధీనమగుట ఇంగ్లండున అదియే మొదలు. శ్రామికుల పూనిక, ధనాభావము, వినోదవ్యాపారము, దుర్ఘటన, ప్రభుత్వస్వీకారము: తరువాతి నూఱేండ్లలో అనేక సౌధములు వేర్వేరుగా అనుభవించిన దశలను ఆస్టన్ హాల్ ఆరేండ్లలో అనుభవించెను.

ఆ జనులు ఏ సౌధములను ఎక్కువ ప్రేమించిరనునది వేఱొక ప్రశ్న. గ్రీకు రోమక పద్ధతుల భవనములు వారికి అంతగా రుచింపలేదు. ట్యూడరు రాజుల నాటి పాతయిండ్లు, హాడన్ హాల్, నోల్, హార్డ్‌విక్ వంటివి, 'పూర్వకాలపు ఇంగ్లండు'నకు నిలయములుగా తోచెను. స్కాట్ 1821లో వెలువరించిన 'కెనిల్వర్త్' నవల ఒక శిథిలదుర్గమును యాత్రాస్థలముగా చేసెను. జోసెఫ్ నాష్ 1839 నుండి పదియేండ్లపాటు ప్రకటించిన రాతియచ్చు చిత్రములలో పాతసౌధముల హాళ్లలో విందులు, ఆటలు, ఇరుగుపొరుగు ప్రజలు కానవత్తురు. తలుపులు తెఱచి అందఱికి అన్నము పెట్టిన ఒక ప్రభువు ఆ ఊహకు కేంద్రము. ఇది చరిత్రగా ఎంత నిజమో సందేహమే. ఆ ఊహను నమ్మి వచ్చినవానికి తాను క్రొత్తగా వచ్చిన పరాయివాడనను సంకోచము మాత్రము ఉండదు. తన తాతల హాలులోనికే తాను మరల వచ్చుచున్నాడు!

1870 తరువాత గాలి మఱలెను. 1871 డిసెంబరులో వారిక్ కోటలోని మహాశాల కాలిపోగా, పునర్నిర్మాణమునకై ప్రజల నుండి చందాలు వసూలుచేసిరి. రస్కిన్ దీనిని పత్రికాముఖమున ఆక్షేపించెను: ప్రభువు తన యిల్లు తాను కట్టుకొనలేడా యని అతని వాదము. ప్రజల కోటయే యైనచో చందాలు న్యాయము; ప్రభువు కోటయైనచో న్యాయము కాదు. ఇల్లు ఎవరిదని ఇంత సూటిగా అడుగవలసిన అవసరము అంతవఱకు కలుగలేదు.

నోల్ సౌధమున ఆ ప్రశ్న వీథికెక్కెను. కెంటునందలి సెవెనోక్స్ ఊరిని ఆనుకొని ఆ సౌధోద్యానము కలదు. ఊరివారు తరతరములుగా ఆ మార్గమున గుర్రములపై పోవుచుండిరి. 1883లో లార్డ్ శాక్‌విల్ ఆ దారిని గుంజలు పాతి అడ్డగించెను. 1884 జూన్‌లో ఊరి జనులు గుంపుగా పోయి ఆ గుంజలను పెరికి, మోసికొనిపోయి, సౌధద్వారము ముందు పడవేసిరి. యజమాని దృష్టిలో అది అల్లరి. జనుల దృష్టిలో అది పాతయాచారమును నిలుపుకొనుట. వీరి వెంట సంఘనాయకుడు లేడు, బాజా లేదు, రైలుటిక్కెట్టు లేదు. పూచీ లేని బృందము. ఇట్టి బృందమును చూచిన యజమానులు తలుపులు బిగించుకొనుటలో ఆశ్చర్యము లేదు.

తలుపులు మూయుటకు ఆర్థికకారణములును తోడయ్యెను. ధాన్యపు ధరలు పడిపోయి భూములపై రాబడి తగ్గెను. 1882 నాటి చట్టము వంశపారంపర్యపు వస్తువులను న్యాయస్థానపు అనుమతితో అమ్ముకొను వీలు కలిగించెను. 1885లో మార్ల్‌బరో డ్యూక్ రఫేల్ చిత్రమును 70,000 పౌండ్లకు జాతీయ చిత్రశాలకు అమ్మెను. 1894లో మరణానంతరపు ఆస్తిపన్ను వచ్చెను. పీటర్ మాండ్లర్ 1997లో ప్రకటించిన గ్రంథమున, 19వ శతాబ్ది మధ్యమున జనప్రియమైన సౌధసందర్శనము ఆ శతాబ్ది చివర క్షీణించి, రెండవ ప్రపంచయుద్ధము తరువాత గాని కోలుకొనలేదని విపులముగా నిరూపించెను. సౌధములు ఎల్లప్పుడును జాతిసంపదగా గౌరవింపబడెనను సులభవిశ్వాసమును ఆ గ్రంథము కూలద్రోసినది. దానితో నాకు ముఖ్యమైన విభేదము లేదు. అతడు రుచులలోని మార్పునకు ఇచ్చిన ప్రాధాన్యమును నేను బృందస్వభావమునకు కూడ ఇయ్యవలెనందును.

1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ స్థాపించిన నేషనల్ ట్రస్టు మొదట ప్రభుసౌధములకై పుట్టినది కాదు. కొండలు, తీరములు, పేదలు గాలి పీల్చుకొను మైదానములు దాని లక్ష్యము. అది కొన్న మొదటి కట్టడము ఆల్ఫ్రిస్టన్‌లోని ఒక మతాచార్యుని పూరికప్పు ఇల్లు. 1896లో దాని వెల 10 పౌండ్లు. 1934లో లార్డ్ లోథియన్ ట్రస్టు సభలో చేసిన ప్రసంగము, 1937 నాటి చట్టము దాని దారి మార్చెను. యజమాని తన సౌధమును, దాని పోషణకు తగిన నిధిని ట్రస్టునకు ఇచ్చి, తాను తన సంతతితో అందే నివసింపవచ్చును. కొన్ని దినములలో ప్రజలను రానీయవలెను. లోథియన్ తన బ్లిక్లింగ్ సౌధమును 1940లో మరణశాసనముతో ట్రస్టునకు ఒసగెను. గుంజలు పెరికిన ఊరి ప్రక్కనున్న నోల్ సౌధము 1946లో ట్రస్టు చేతికి వచ్చెను.

యుద్ధానంతరకథ సుప్రసిద్ధము గాన సంగ్రహముగా చెప్పుదును. చాట్స్‌వర్త్ రాజగదులలో 1939 మొదలు 1946 వఱకు ఒక బాలికాపాఠశాల పిల్లలు నిద్రించిరి. 1949లో అది మరల సందర్శకులకు తెఱవబడెను. 1950లో పదవ డ్యూక్ మరణింపగా పన్ను నూటికి 80 వంతుల చొప్పున పడెను. హార్డ్‌విక్ సౌధము ఆ పన్ను క్రిందనే ప్రభుత్వమునకు పోయి, 1959లో ట్రస్టునకు చేరెను. లాంగ్‌లీట్ యజమాని బాత్ మార్క్విస్ 1949లో అరక్రౌను రుసుముపై తన యిల్లు తెఱచెను; 1966లో ఆ తోటలోనికి సింహములు వచ్చెను. సింహములను చూచి పెద్దలు ముక్కు విఱచిరి. జలయంత్రముతో చూపరులను తడిపిన 17వ శతాబ్దపు ప్రభువును మెచ్చినవారు సింహములను నిందింపనేల? ఈ దశలో బృందమునకు పూచీ అవసరము లేదయ్యెను. టిక్కెట్టు వెలయే చాలును. అయినను సౌధములు కూలుచునే ఉండెను. 1974లో లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో రాయ్ స్ట్రాంగ్, మార్కస్ బిన్నీ, జాన్ హారిస్ ఏర్పఱచిన ప్రదర్శనమున, విఱిగిన స్తంభముల నడుమ, నశించిన సౌధముల పేర్లను ఒక కంఠము ఎడతెగక చదువుచుండెను. వాని సంఖ్య వేయికి పైబడినది. ఆ దశాబ్దముననే వచ్చిన పన్ను మినహాయింపులకు ప్రజాప్రవేశము షరతు. యజమాని దయయైనది ఇప్పుడు ఒడంబడికలోని ఒక పంక్తి.

1968లో ఏర్పడిన అలంకారశిల్ప లలితకళాసంఘముల సమాఖ్య, నేడు 'ఆర్ట్స్ సొసైటీ' అని వ్యవహరింపబడునది, తన సభ్యులను బృందములుగా సౌధములకు కొనిపోవుటయే గాక, అచ్చటి గ్రంథాలయములలో పుస్తకముల దుమ్ము దులిపి చినుగులు సవరించు స్వచ్ఛందసేవకులను కూడ తయారుచేసెను. మిసెస్ గార్నెట్ స్థానమున నేడు గదిగదికి ఇట్టి స్వచ్ఛందసేవకులు కూర్చుందురు. వారు చెప్పు వచనము పైని 2020 తరువాత పెద్ద వివాదము చెలరేగెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో నేషనల్ ట్రస్టు తన స్వాధీనమందలి 93 స్థలములకు వలసపాలనతో గాని, బానిసవ్యాపారముతో గాని గల సంబంధములను వివరించు నివేదిక ప్రకటించెను. సెలవుదినమున ఇల్లు చూడవచ్చినవారికి ఈ ఉపన్యాసమేల యని కొందఱు, ఇంతకాలము ఎందుకు చెప్పలేదని కొందఱు వాదించిరి. స్థలపురాణము మార్చినప్పుడు కలహము తప్పదు.

ఆ నివేదికలోని ఒక స్థలము తెలుగువారికి సంబంధించినది. వేల్స్ సరిహద్దునందలి పోయిస్ కోట 1952లో ట్రస్టునకు వచ్చెను. అందలి క్లైవ్ ప్రదర్శనశాల 1987లో ఏర్పడెను; ఆ యేడే దాని వస్తువులకు విద్వత్పూర్వకమైన పట్టిక వెలువడెను. 1765లో షా ఆలము ఫర్మానుతో ఉత్తరసర్కారులను కంపెనీకి సంపాదించిన రాబర్ట్ క్లైవ్ వస్తువులు కొన్ని, అతని కుమారుడు ఎడ్వర్డ్ క్లైవ్ వస్తువులు కొన్ని అందు కలవు. ఎడ్వర్డ్ 1784లో పోయిస్ వంశపు హెన్రియెటాను వివాహమాడెను. ఆ విధముగా ఈ వస్తువులు ఆ కోటకు చేరెను. అతడు 1798 నుండి 1803 వఱకు మద్రాసు గవర్నరు. ఉత్తరసర్కారులు అతని యేలుబడిలోనివి. 1800లో నిజాము ఒసగిన దత్తమండలము కూడ అతని కాలముననే మద్రాసులో చేరెను. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడి టిప్పు సుల్తాను మరణించెను. అతని గుడారము, అతని సింహాసనమునకు అలంకారమైన రత్నఖచిత వ్యాఘ్రశిరస్సులలో ఒకటి పోయిస్ కోటలో కలవు. ఆ గుడారము నూలుబట్ట; దానిమీది పూలకుండల అద్దకము చూచినవారికి మన మచిలీపట్టణపు అద్దకములు జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండు చేరిన పిమ్మట దానిని కోటతోటలో విందులకు పందిరిగా వేసెడివారు.

హెన్రియెటా తన కుమార్తెలిద్దఱితో, పరివారముతో 1800 మార్చిలో మద్రాసు నుండి బయలుదేరి దక్షిణదేశమున ఏడు నెలలు తిరిగెను. దారిలో శిలలను, మొక్కలను సేకరించెను, జాబులు వ్రాసెను, కుమార్తె దినచర్య వ్రాసెను. శ్రీరంగపట్టణమున టిప్పు నగరులను ఆ బృందము చూచెను. సుల్తాను మరణించి అప్పటికి ఏడాది నిండినదో నిండలేదో. ఇంగ్లండులో ఆ యేడు ఆమె వంటి కులస్త్రీ పరుల సౌధమును చూడగోరినచో ద్వారము తట్టి, గృహనిర్వాహకురాలి చేతిలో ఇనాము పెట్టవలసియుండెను. శ్రీరంగపట్టణమున ఆమె అనుమతి అడుగదగిన యజమాని లేకుండెను.